ఫొటో తీసినంక ఏమన్న జరిపిండ్రా అన్నా?

ముందే చెప్పేస్తున్నాను, నేను చదివింది అయిదో తరగతి. అది కూడా పూర్తి కాలేదు, పరీక్షలప్పుడు మా నాన్న వెంట ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ నాకు సందేహమే. ఇంతకుముందు తెలుగులో నేను రాసినవి కువైట్ నుంచి మా అమ్మకి వేసిన నాలుగు ఉత్తరాలు మాత్రమే. వాటిని మా అమ్మకి చదివి పెట్టిన పోస్టుమాన్ కూడా నా రాత చూసి నవ్వేవాడట. మీరు కూడా నవ్వుకోండి, పర్వాలేదు. చివరిదాకా చదవండి చాలు.

మన హామిల్టన్ తెలుగువాళ్ళు వేసే పుస్తకంలో మరిచిపోలేని మనిషి గురించి ఎవరైనా రాయొచ్చన్నారని మా ఆవిడ చెప్పింది. నేను ఒక అమ్మాయి గురించి రాస్తున్నాను. పేరు రాయను. వాళ్ళ అమ్మానాన్నలకి ఇప్పుడున్న బాధ చాలు.

ఆ అమ్మాయి ఈ చలికాలంలో ఎక్కడో దూరాన సస్కటూన్ అనే ఊరి బయట, మంచు రోడ్డు మీద కారు జారి చనిపోయింది. వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, సైటు హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఫొటో. అది చూడగానే నాకు ఏడుపు రాలేదు. ముందు నా మనసులోకి వచ్చిన మాట వేరే. "ఇంక అడగదు" అనుకున్నాను. ఆ మాట వచ్చినందుకే ఇది రాస్తున్నాను.

నేను స్లాబులకి రాడ్లు కట్టేవాణ్ణి. మొదట కువైట్‌లో కట్టాను. తర్వాత మా ఆవిడకి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే హామిల్టన్ వచ్చి ఇక్కడా అదే పని. చెక్కల మీద ఇనుప రాడ్లు పరిచి, తీగతో ముడులు వేసి కడతాం. తెల్లారి కాంక్రీటు వచ్చి పడుతుంది. పడ్డాక మా పని ఎవరికీ కనపడదు. కారులో పోతూ ఏదైనా బిల్డింగ్ చూపించి ఇది నేను కట్టానంటే మా అమ్మాయి "వేర్, డాడీ?" అంటుంది. చూపించడానికి ఏమీ ఉండదు.

మన పిల్లలు కాలేజీలకి బస్సులు నిండిపోయేలా వచ్చిన ఏళ్ళవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిదేసి మంది, పరుపుల మీద వంతులేసుకుని పడుకునేవాళ్ళు. వాళ్ళ కోసమని కాలేజీకి దగ్గర్లో పదిహేను అంతస్తుల బిల్డింగ్ మొదలుపెట్టారు. మా కంపెనీకి అందులో రాడ్ల పని దొరికింది. మూడో అంతస్తు కడుతుండగా ఒకరోజు పొద్దున ఆ అమ్మాయి నిచ్చెన ఎక్కి మా దగ్గరికి వచ్చింది. అంతకుముందు కిందే ఫోర్‌మన్‌ని అడిగి పోయేదట. బక్కపలచటి మనిషి. తన సైజు సైటు బూట్లు దొరకలేదట, పెద్ద బూట్లు కొని లోపల మూడు జతల సాక్సులు తొడుక్కుంది. రాడ్ల మీద నడుస్తుంటే టక్ టక్‌మని, ఎవరో చిన్నపిల్ల నాన్న చెప్పులేసుకుని తిరిగినట్టు ఉండేది. చేతిలో ట్యాబ్. చెవి వెనక ఎర్ర చాక్‌పీసు లాంటి లావు పెన్సిల్.

నా హెల్మెట్ వెనక తెలుగులో రాసుకున్న మా కులదేవత పేరు చూసి ఆగింది.

"తెలుగోళ్ళా అన్నా? ఏ ఊరు?"

"రాయచోటి దగ్గర పాపా. నీది?"

"హన్మకొండ. అన్నా అంటున్ననని ఏమనుకోకుండ్రి. అంకుల్ అంటే ఎవ్వరు పని చేస్తలేరు ఇక్కడ. అన్నా అంటే జల్ది చేస్తున్నరు."

అట్లా నేను అన్ననయ్యాను. నాకు అప్పటికే నలభై ఎనిమిదేళ్ళు.

ఆ అమ్మాయి పనేమిటో నాకు అర్థమయ్యేదాకా వారం పట్టింది. ఇప్పుడు బిల్డింగ్ కట్టేముందే కంప్యూటర్లో మొత్తం కట్టేస్తున్నారు. గోడలు, రాడ్లు, నీళ్ళ పైపులు, కరెంటు పైపులు, తలుపు గొళ్ళెంతో సహా. దాన్ని మోడల్ అంటారు. మేం సైటులో కట్టేదీ, మోడల్‌లో ఉన్నదీ ఒకటేనా అని రోజూ చూసి, తేడా ఉంటే మోడల్‌లో మార్చాలి. కాలేజీలో ఆ చదువే చదివింది. బిల్డింగ్ అయిపోయాక యాభై ఏళ్ళు ఎవరు ఎక్కడ ఏ రిపేరు చేసినా ఆ మోడల్ చూసే చేస్తారట. అందుకే కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం వచ్చి అడుగు అడుగూ ఫొటోలు తీసేది. తెల్లారి ఆరింటికి, లారీలు వచ్చే ముందు, మళ్ళీ వచ్చి నన్ను అడిగేది.

"ఫొటో తీసినంక ఏమన్న జరిపిండ్రా అన్నా?"

ఆ అమ్మాయి గుడ్ మార్నింగ్ చెప్పగా నేను వినలేదు. ఇదే ఆమె గుడ్ మార్నింగ్. అడిగి ఊరుకునేది. అందరూ అడిగి వెంటనే ఇంకో మాట కలుపుతారు, ఫోన్ చూసుకుంటారు, పక్కకి తిరుగుతారు. ఈ అమ్మాయి అలా చేసేది కాదు. ఒక చేతి గ్లౌజు తీసి, కింద ఏదో ఒక రాడ్డు మీద చెయ్యి పెట్టి, నా ముఖం వైపు చూస్తూ కూర్చునేది. చలికి వేళ్ళు ఎర్రగా అయిపోయేవి. అయినా కదిలేది కాదు.

మొదటిసారి నిజమే చెప్పాను. ఆ మూడో అంతస్తులో లిఫ్టు గోడ పక్కన వేయాల్సిన రాడ్లు ఆలస్యంగా వచ్చాయి. ఫొటోలు అయిపోయాక, తెల్లారుజామున వాటిని వేస్తుంటే కరెంటువాళ్ళు పరిచిన పైపుల కట్ట అడ్డం వచ్చింది. తీగ తెంపి, పైపుల్ని రెండడుగులు పక్కకి లాగి, మళ్ళీ కట్టేశాను. మా పనిలో అందరూ చేసేదే. రాడ్డు జరగదు, పైపు జరుగుతాదని కువైట్‌లో మా మేస్త్రీ నాకు మొదటి రోజే నేర్పాడు. రాడ్డు జరిపితే ఇంజనీరు వచ్చి తిడతాడు. పైపు జరిపితే ఎవడికీ తెలీదు.

"జరిపినా పాపా. ఈడ నుంచి ఆడికి," అని చూపించాను.

"థాంక్స్ అన్నా" అని పని ఆపించేసింది. కరెంటువాణ్ణి పిలిపించి, కొలిచి, మోడల్‌లో మార్చి, ఫొటోలు మళ్ళీ తీసేసరికి గంటన్నర. రోడ్డు మీద నిలబడ్డ లారీల్లో కాంక్రీటు గట్టిపడటం మొదలైంది. రెండు లారీలు వెనక్కి పోయాయి. మా ఫోర్‌మన్ ముసలాయన, పోర్చుగల్ మనిషి. ఆ వారం మాలో ఇద్దర్ని పని లేదని ఇంటికి పంపేశాడు. అందులో ఒకడు నా జతగాడు, వాడికి అప్పుడే బిడ్డ పుట్టింది. ఫోర్‌మన్ నా దగ్గరికొచ్చి నా నడుముకి వేలాడుతున్న తీగ చుట్ట పట్టుకుని లాగి, "ఇంత తీగ ఉంది కదా, నీ నోటికి కూడా ఒక ముడి వేసుకో" అన్నాడు.

నేను వేసుకున్నాను.

ఆరో అంతస్తులో అలాగే మళ్ళీ పైపులు లాగాల్సి వచ్చింది. తెల్లారి వచ్చి అడిగింది. గ్లౌజు తీసింది. రాడ్డు మీద చెయ్యి పెట్టింది.

"లేదు పాపా," అన్నాను.

చూస్తూ కూర్చుంది. నేను తీగ సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను. కాసేపటికి "సరే అన్నా" అని లేచి ట్యాబ్‌లో ఏదో రాసుకుంది. లారీలు టైముకి వచ్చాయి, కాంక్రీటు పడింది. ఫోర్‌మన్ ఆ రోజు నాకు కాఫీ తెచ్చి ఇచ్చాడు.

తర్వాత ఎనిమిదో అంతస్తు. తర్వాత తొమ్మిది. తర్వాత పన్నెండు. చెప్పే కొద్దీ సులువయ్యింది.

ఆ అమ్మాయి అంటే నాకు కోపమేం లేదు. ఇష్టం కూడా. తొమ్మిదిన్నర బ్రేకులో మేమిద్దరం ఒక మూల కూర్చుని తినేవాళ్ళం. పెరుగన్నం పాత ఐస్‌క్రీం డబ్బాలో తెచ్చుకునేది. అది ఆ చలికి నిజంగా ఐస్‌క్రీం అయిపోయేది, చెంచాతో పొడిచి పొడిచి తినేది. మా ఆవిడ కట్టిన రాగిసంకటి, ఊరిబిండి పచ్చడి చూసి, "అన్నా, మీరు గిది తిని రాడ్లు కడుతున్నరా, ఇదే పోస్తే పోలా స్లాబుకు? కాంక్రీటు కన్న గట్టిగున్నది" అని ఏడిపించేది. తిడుతూనే సగం తినేసేది. మోడల్ అయిపోయినాక పార్టీ చేసుకుందాం పాపా అని నేనంటే, "మోడల్ అయిపోదన్నా. బిల్డింగ్ ఉన్నంత కాలం ఉంటది అది. మనం పోయినంక గూడ అదే మాట్లాడాలె" అనేది. ఫోర్‌మన్ ఆమెని చూస్తే చాలు, "చిన్న బాసు వస్తోంది, ఎవరూ ఊపిరి కూడా జరపకండి" అని అరిచేవాడు. ఆమె నవ్వి, "ఊపిరి జరిపినా చెప్పాల్సిందే సార్" అనేది. వాళ్ళ బేస్‌మెంట్‌లో ఏడుగురు ఆడపిల్లలు. తన పరుపు వంతు సాయంత్రం ఆరు నుంచి. అందుకే ఫొటోలు తీసిన మర్నాడు నిద్ర తక్కువై కళ్ళు ఉబ్బి వచ్చేది.

ఒక రోజు అన్నం తిన్నాక ట్యాబ్ నా ముందు పెట్టింది.

"మీ పని చూసుకుంటరా అన్నా?"

వేలితో తోసింది. బిల్డింగ్ పైన గోడలన్నీ మాయమయ్యాయి. కాంక్రీటు గాజులాగా అయిపోయింది. లోపల రాడ్లు ఎర్రగా, ఒక్కొక్కటి విడివిడిగా, నేను పరిచినట్టే పరిచి ఉన్నాయి. నీళ్ళ పైపులు నీలం, కరెంటు పైపులు పసుపు. ఇరవై ఏళ్ళకి పైగా కట్టాను నేను. కట్టింది పొద్దునకల్లా పూడిపోవడమే చూశాను. పూడిపోయాక లోపల అది అలాగే ఉందని ఎవరూ నాకు చూపించలేదు. నా కళ్ళు తడిశాయి. ఆమె చూసి కూడా చూడనట్టు, "ఇది ఆరో అంతస్తు అన్నా, లిఫ్టు పక్కన. ఎంత సాఫ్‌గ కట్టిండ్రు చూడుండ్రి" అని ఇంకా దగ్గరికి తెచ్చింది.

అక్కడ పసుపు గీతలు తిన్నగా పోతున్నాయి. నేను లాగకముందు అవి ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నాయి. పక్కన రెండడుగుల దూరంలో, అసలు పైపులు ఉన్న చోట, ఖాళీ. అంత శుభ్రంగా ఉంది ఆ ఖాళీ. ఎవరైనా చూస్తే ఇక్కడ ఏమీ లేదని నమ్మేస్తారు.

"ఏమైంది అన్నా?"

"ఏం కాలేదు పాపా. బాగుంది."

ట్యాబ్ తిరిగిచ్చేశాను. ఆ రోజు నుంచి ఆ బిల్డింగ్‌లో నడుస్తుంటే నా కాళ్ళ కింద రెండు నేలలు ఉన్నట్టు అనిపించేది. ఒకటి మేం పోసింది. ఇంకోటి ఆ అమ్మాయి నా మాట నమ్మి గీసింది.

పదిహేను అంతస్తులూ పూర్తయ్యాయి. మేం పై కప్పు మీద మిగిలిన చిన్న పనులు చేస్తున్నాం. కింద అంతస్తుల్లో గోడలు, రంగులు. చలికి హీటర్లు పెట్టడానికని ఆ అంతస్తుల్లో కరెంటు ఇచ్చేశారు. ఆరో అంతస్తులో ఒక బాత్రూం పైపుకి దారి వదలడం మరిచిపోయారట. స్లాబులో గుండ్రంగా రంధ్రం కొట్టాలి. దానికి మిషన్ ఉంటుంది. నేలకి బిగించి, నీళ్ళు పోస్తూ, తిప్పుతూ దించుతారు. కొట్టే ముందు నేల లోపల ఏముందో చూసే పెట్టె ఒకటి ఉంటుంది, చక్రాలున్న పెట్టె, తోస్తూ పోతే లోపల కరెంటు పైపు ఉంటే చప్పుడు చేస్తుంది. అది తెప్పించమని ఆ అమ్మాయి అడిగిందట. ఫోర్‌మన్ ఒప్పుకోలేదు. "మోడల్ ఉంది కదా? ఇన్నాళ్ళు నువ్వు మా ప్రాణం తీసింది దేనికి?" అన్నాడట.

ఆ రోజు సామాన్లు పైకి చేరేసే లిఫ్టు పనిచేయక నేను మెట్ల మీద దిగుతున్నాను. ఆరో అంతస్తులో మనుషుల మాటలు విని తొంగి చూశాను. లిఫ్టు పక్కన, నేల మీద, ఎర్ర పెన్సిల్‌తో గుండ్రంగా గీసి ఉంది. ట్యాబ్ చూసుకుంటూ కొలిచి ఆ అమ్మాయే గీసింది. శుభ్రమైన ఖాళీలో గీసింది. మిషన్ అతను బిగించేశాడు. నీళ్ళు వదిలాడు. నీళ్ళు గీత దాటి పారుతున్నాయి. ఆమె బూట్లు ఆ నీళ్ళలో ఉన్నాయి.

నన్ను చూసి చెయ్యి ఊపింది. "ఏంది అన్నా, గట్ల నిలబడ్డరు?"

మిషన్ మొదలైంది. నేను ఏదో అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి అరిచాను.

"ఆపండి! ఆడ వద్దు! పాపా, నీళ్ళలో నుంచి ఈ పక్కకి రా!"

మిషన్ ఆగింది. నేలలోకి వేలు మందం దిగి ఉంది. మిషన్ అతను నన్ను తిట్టబోయాడు. ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆపి నా వైపు చూసింది. ఏమీ అడగలేదు. ఊరుకుంది.

"ఆడ కరెంటు పైపులుండాయి. నేను జరిపినా," అన్నాను.

మధ్యాహ్నానికి పెట్టె తెప్పించారు. గీత మీదికి తోసుకుంటూ వచ్చారు. గుండ్రానికి సరిగ్గా నడిమధ్యలో అది అరిచింది. మిషన్ అతను హెల్మెట్ తీసి నెత్తి తుడుచుకున్నాడు. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ట్యాబ్‌లో ఆరో అంతస్తు తెరిచింది. నా వెనక ఫోర్‌మన్ వచ్చి నిలబడ్డాడు. నాకు ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"గిదొక్కటేనా అన్నా?"

అడిగి చూస్తోంది. ఎనిమిది, తొమ్మిది, పన్నెండు. మూడు అంకెలు నా నాలుక మీదే ఉన్నాయి. చెప్తే పదిహేను అంతస్తులూ వెతకాలి. కంపెనీ నా మీద కేసు పెడుతుందో, జైల్లో వేయిస్తుందో. చదువు లేనివాడికి ప్రతి కాగితం జైలు కాగితంలాగే కనిపిస్తుంది.

"ఇదొక్కటే పాపా."

ఆమె ఫోర్‌మన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "సరే అన్నా" అంది. ట్యాబ్ మీద వేలు పెట్టి పసుపు గీతని మెల్లగా రెండడుగులు లాగింది.

కంపెనీకి రాసిన రిపోర్టులో నా పేరు పెట్టలేదు. ఫొటోల తర్వాత జరిగిన మార్పుని తాను పట్టుకోలేకపోయానని రాసింది. ఆ పని అయిపోయాక ఆమెని ఇంకో సైటుకి తీసుకోలేదు. వర్క్ పర్మిట్ టైము నడిచిపోతోంది. ఎక్కడెక్కడో అప్లై చేసి, చివరికి సస్కటూన్‌లో ధాన్యం గోదాములు కట్టే కంపెనీలో ఇదే మోడల్ పనికి కుదిరింది. పోయేముందు మా ఇంటికొచ్చి రాగిసంకటి తిని పోయింది.

అక్కడి నుంచి నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసేది.

"అక్క ఏం వండింది అన్నా?"

"చికెన్ పాపా. ఎట్లుంది మీ ఊరు?"

"తెల్లగుంది అన్నా. ఏడ చూసినా తెలుపే. ఎవడో మోడల్ ఓపెన్ చేసి అన్నీ డిలీట్ కొట్టిండు."

నవ్వుకునేవాళ్ళం. పెట్టేసే ముందు ఆమె గొంతు మారేది.

"అన్నా, ఏమన్న గుర్తొచ్చిందా?"

అడిగి ఊరుకునేది. అంత దూరం నుంచి ఆ ఊరుకోవడం నా చెవిలోకి వచ్చేది. గ్లౌజు తీసి ఏ రాడ్డు మీదో చెయ్యి పెట్టుకుని ఉందనిపించేది. ఒకసారి చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచి, "జలుబు తగ్గిందా పాపా?" అన్నాను.

"తగ్గింది అన్నా. గుర్తొస్తే చేయుండ్రి. నేనైతే అడుగుతనే ఉంట."

తర్వాత ఆ ఫొటో వచ్చింది.

అది వచ్చిన మూడో వారం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి అన్నం పెడుతూ మామూలుగా చెప్పింది. వాళ్ళ వార్డులో నర్సు ట్రైనింగ్ చేసే ఒక పిల్ల ఆ బిల్డింగ్‌లోనే ఉంటోందట. వాషింగ్ మెషిన్లు కింద మాత్రమే ఉన్నాయని పిల్లలందరూ గొడవ చేస్తే, అంతస్తుకొకటి పెడుతున్నారట. నీళ్ళ పైపుల కోసం సోమవారం నుంచి లిఫ్టు పక్కన నేలకి రంధ్రాలు కొడతారని నోటీసు అంటించారట.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏమయ్యా? ఏమైంది?"

చెప్పాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమెకి చెప్పనిది అదొక్కటే.

"ఎన్ని చోట్ల?"

"ఇంకా మూడు."

"ఆ పాప అడిగితే?"

"చెప్పలేదు."

"ఎన్నిసార్లు అడిగింది?"

మా ఆవిడ నా కంచం తీసి పక్కన పెట్టింది. "మా వార్డులో ఒక్క సూది వేసి రాయకపోతే, తర్వాతొచ్చే నర్సు అదే సూది మళ్ళీ వేస్తాది. మనిషి పోతాడు. లెయ్. చొక్కా ఏసుకో. ఆఫీసు మూసేస్తారు," అంది.

బిల్డింగ్ ఆఫీసులో ఒకామె ఉంది, తెల్లామె, యాభై ఏళ్ళుంటాయి. నా పని ఇంగ్లీషులో చెప్పాను. రాడ్లు కట్టింది నేను, ఎనిమిది, తొమ్మిది, పన్నెండు, కరెంటు పైపులు కంప్యూటర్లో ఉన్న చోట లేవు అన్నాను. ఆమెకి అర్థం కాక మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆమె కంప్యూటర్‌లో మోడల్ తెరిచింది. ఎర్ర రాడ్లు, నీలం, పసుపు. అన్నీ అంతే అందంగా ఉన్నాయి.

"మాకు ఇచ్చిన వాటిలో ఇదే అన్నిటికన్నా మంచి మోడల్. ప్రతి అంతస్తుకీ నోట్సు కూడా ఉన్నాయి" అంది.

"ఏం నోట్సు?" అని మా ఆవిడ అడిగింది.

ఆమె చదవడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి రాసినవే. కాంక్రీటు పోసే ప్రతి పొద్దునా రాసింది. ఒకటో అంతస్తు, ఫోర్‌మన్‌ని అడిగాను, మార్పు లేదు. రెండో అంతస్తు, ఫోర్‌మన్‌ని అడిగాను, మార్పు లేదు. మూడు, రాడ్లు కట్టే అన్నని అడిగాను, జరిపానన్నారు, సరిచేశాను. అన్న అనే మాట ఇంగ్లీషు మధ్యలో అలాగే రాసింది, ఆ తెల్లామె దాన్ని ఎవరో అమ్మాయి పేరనుకుని చదివింది. నాలుగు, అయిదు, అన్నని అడిగాను, లేదన్నారు. ఆరు, అన్నని అడిగాను, లేదన్నారు, మళ్ళీ అడగాలి. ఏడు, లేదన్నారు. ఎనిమిది, లేదన్నారు, మళ్ళీ అడగాలి. తొమ్మిది, లేదన్నారు, మళ్ళీ అడగాలి.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. నేను పడిపోతానని పట్టుకుందో, పారిపోతానని పట్టుకుందో తెలీదు.

పది, లేదన్నారు. పదకొండు, లేదన్నారు, మళ్ళీ అడగాలి. పన్నెండు, లేదన్నారు, మళ్ళీ అడగాలి. మిగతావి మామూలే.

పదకొండులో నేనేమీ జరపలేదు. నాకు గుర్తున్నంతవరకూ లేదు. అదే చెప్పాను. ఆ తెల్లామె నన్ను చూసింది, కంప్యూటర్ని చూసింది. సోమవారం పని ఆపుతున్నామని అప్పుడే ఎవరికో ఫోన్ చేసింది.

నన్ను ఎవరూ జైల్లో వేయలేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పెట్టె పట్టుకుని ఒకతను వచ్చాడు. చోటు చూపించడానికి నన్ను కూడా రమ్మన్నారు. ఎనిమిదో అంతస్తులో నేను చెప్పిన చోట పెట్టె అరిచింది. తొమ్మిదిలో అరిచింది. పన్నెండులో అరిచింది. అతను ఒక్కో చోటా ఎర్ర రంగుతో గుర్తులు వేస్తుంటే, పిల్లలు బట్టల బుట్టలు పట్టుకుని వాటి మీద నుంచి దాటి పోతున్నారు. ఒక పిల్లాడు చెవుల్లో పాటలు పెట్టుకుని సరిగ్గా దాని మీదే నిలబడి లిఫ్టు కోసం చూస్తున్నాడు.

తర్వాత పదకొండుకి వచ్చాం. ఎక్కడ చూడాలని అతను అడిగాడు. నాకు తెలీదన్నాను. అతను లిఫ్టు దగ్గర మొదలుపెట్టి మెల్లగా తోసుకుంటూ పోయాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అన్ని పొద్దుల్లో ఒక పొద్దు, చలికి చేతులు మొద్దుబారి, వంగి ఏదో లాగి, కట్టి, మరిచిపోయిన పొద్దు ఏదైనా ఉందా అని వెతుక్కుంటున్నాను. ఏదీ దొరకలేదు. నాకే తెలియని అబద్ధం నా ముఖంలో ఆ అమ్మాయికి కనిపించి ఉంటుందా? లేక ఆ రోజు ఊరికే అనుమానపడిందా?

చెత్త వేసే గది తలుపు ముందు పెట్టె అరిచింది.

అతను మోడల్‌లో చూసుకున్నాడు. అక్కడ ఖాళీ అని ఉంది. నా ముఖం చూశాడు. గుర్తు వేశాడు.

ఇప్పుడు పదిహేను అంతస్తులూ వెతుకుతున్నారు. శనివారం శనివారం నేను కూడా పోతున్నాను. సగం కూడా కాలేదు. ఈ ఊళ్ళో నేను రాడ్లు కట్టిన బిల్డింగులు ఇంకా ఆరు ఉన్నాయి. వాటిలో పొద్దున్నే వచ్చి అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఈ పుస్తకం చదివేవాళ్ళ పిల్లలు ఎవరైనా కాలేజీ దగ్గర ఆ బిల్డింగ్‌లో ఉంటే, నేల మీద ఎర్ర గుర్తులు కనిపిస్తే చెరిపేయొద్దని చెప్పండి. గుర్తులు లేని అంతస్తు అయితే నేలకి మేకు కూడా కొట్టొద్దని చెప్పండి.

అక్షరాల్లో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. సగం దాకా మా ఆవిడ దిద్దింది, మిగతా సగం ఆమె డ్యూటీకి పోయాక రాశాను. పుస్తకం వేసేవాళ్ళకి ఇది మరీ పొడుగయిందనిపిస్తే ఎక్కడైనా కోసేయండి, నేనేమీ అనుకోను. అంతస్తుల నంబర్లు మాత్రం తీసేయొద్దు.